ఆర్పొద్దని నేర్పిన మేడం

మా సేఫ్టీ మేడం పోయారన్న కబురు నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది. పొద్దున షిఫ్టుకి వచ్చి, ఫోను లాకర్లో పెడుతుంటే సెక్యూరిటీ బాబాయ్ దగ్గరికొచ్చి, "తెల్లారగట్ల పోయిందంటరా, గుంటూరు ఆసుపత్రిలో" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. ఆవిడ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఫోను మళ్లీ తెరిచి చూస్తే మా షిఫ్టు గ్రూపు నిండా దండం బొమ్మలు. ఆవిడ ఉన్నప్పుడు 'అడ్డపుల్ల మేడం' అని వెనక నవ్వినవాళ్లు పెట్టినవే అందులో ఎక్కువ. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మాది నరసరావుపేట పక్కన పత్తి గింజల నూనె మిల్లు. నూనెను గట్టిపరిచి వనస్పతి చేస్తాం. దానికి హైడ్రోజన్ కావాలి. వెనక యార్డులో హైడ్రోజన్ సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి, అక్కడి నుంచి పైపు లోపలికి పోతుంది. నేను ఆ పైపుల ఫిట్టర్ని. పదో తరగతితో చదువు ఆగింది. మిగతాది పనిలోనూ, ఫోనులో వీడియోలు చూసీ నేర్చుకున్నాను. హైడ్రోజన్ గురించి మాత్రం ఏ వీడియో నాకేమీ నేర్పలేదు. అదంతా మేడం పెట్టిన భిక్ష.

సాయంత్రానికల్లా యాజమాన్యం ఫ్లెక్సీ వేయించింది. మేడం ఫోటో, చుట్టూ పూలు, కింద 'మీ సేవలు మరువలేనివి'. బానే ఉంది. కట్టింది ఎక్కడంటే, వెనక గేటుకి. ప్రమాదం జరిగితే మేం బయటికి పరిగెత్తాల్సిన గేటు అది. దానికి తాళం ఉండకూడదని, ఒక్క తోపుకి తెరుచుకోవాలని ఆవిడ ఎన్ని మీటింగుల్లో గొంతు చించుకున్నారో నాకు తెలుసు. ఆ గేటు రెక్కలు రెండిటినీ కలిపి ఇనప తీగతో బిగించి, దాని మీద ఆవిడ నవ్వుతున్న ఫోటో! కటింగ్ ప్లయరు తెచ్చి తీగలు కోసేశాను. మేనేజరు చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిరా నీకు పిచ్చా? పోయినామె ఫ్లెక్సీ కోస్తన్నావ్?"

"ఆమె ఉంటే మీ చేతే కోయించేది సార్."

ఆయన గేటు వంక చూశాడు, నా వంక చూశాడు. నిచ్చెన ఆయనే పట్టుకున్నాడు, ఫ్లెక్సీ క్యాంటీన్ గోడకు మార్చాం.

ఆవిడతో నా పరిచయం కూడా గొడవతోనే మొదలైంది. పనిలో చేరిన రోజు కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను, మెరిసే రకం. యార్డు దగ్గర ఒకావిడ నూలు చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని, బుగ్గన వక్కపొడి పెట్టుకుని నిలబడి ఉన్నారు. నా చొక్కా అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూశారు.

"ఏ ఊరురా మీది?"

చెప్పాను.

"పత్తి పండించే ఊళ్లో పుట్టి పాలిస్టర్ తొడుక్కొచ్చావా? పో, మార్చుకునిరా."

"చొక్కాకేమైంది మేడం, బానే ఉంది గదా?"

"చానా బాగుంది. పెళ్లిచూపులకి దాచుకో. ఈ గుడ్డ ఒంటికి రాసుకుంటే చిటుక్కుమని రవ్వ పుడతది. హైడ్రోజన్ అంటుకోటానికి ఆ చిటుకు చాలు."

"చిటుకుకే అంటుకునేదైతే మమ్మల్నెందుకు తోలుతున్నారు లోపలికి? మీ ఆఫీసరోళ్లే పోవచ్చు గదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నా ఉద్యోగం అయిపోయిందనుకున్నారు. ఆవిడ వక్కపొడి ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చి, "నేనూ వస్తన్నా పద. ముందు చొక్కా మార్చు" అన్నారు. నా దగ్గర ఇంకోటి లేదంటే తన గదిలోంచి ఉతికి మడతపెట్టిన నూలు చొక్కా తెచ్చిచ్చారు. "మా ఆయనది. ఆయన పోయాక బీరువాలో ఊరికే పడుంటంది, తొడుక్కో." ఆ చొక్కా మోచేతుల దగ్గర చిరిగిపోయేదాకా తొడుక్కున్నాను.

ఆవిడది మాచర్ల. మాట పెళుసు. హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు, పట్టపగలు అంటుకుంటే దాని మంట కూడా కంటికి ఆనదని చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మంటన్నాక కనపడకుండా ఎట్టా ఉంటది అన్నాను. ఆవిడ వాదించలేదు. యార్డులో గ్యాస్ లీకును పసిగట్టే మిషన్లు ఉన్నా సరే, పైపు వెంట నడిచేటప్పుడు పొడుగు కర్రకి కట్టిన చీపురు ఒకటి ముందుకు చాపుకుంటూ నడిచేవారు. కనపడని మంట ఎక్కడన్నా ఉంటే ముందు చీపురు అంటుకుంటుంది, మనిషి అంటుకోడు. లారీ డ్రైవర్లు "గాలిని ఊడుస్తన్నావా మేడమ్మా?" అని ఎకసెక్కాలాడేవాళ్లు. "అవున్రా, మీరొచ్చి పోయిన గాలి గదా" అనేవారు నడక ఆపకుండానే. మాకు మాత్రం ఒకటే మాట: "మిషన్ని నమ్ము, చీపురు తీసుకెళ్లు."

ఎక్కడికి వెళ్లినా ఆవిడ ముందు చూసేది బయటికి పోయే దారి. మా బాబాయి కూతురి పెళ్లికి పిలిస్తే వచ్చారు. ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టగానే కప్పు వంక చూసి, పక్క తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉండటం చూసి, కొంగు బొడ్లో దోపుకుని కుర్చీలు మోయడం మొదలుపెట్టారు. మగపెళ్లివారిలో ఒకాయన ఆవిడను కేటరింగ్ మనిషి అనుకుని, "ఏమ్మా, మజ్జిగ ఎప్పుడొస్తయి?" అని అడిగాడు. "ఈ నాలుగు కుర్చీలు పట్టు, నేనే పోస్తా" అన్నారు. ఆయన పట్టాడు. తలుపు తెరుచుకున్నాక చేతులు కడుక్కుని అక్షింతలు వేసి, ఆయన్ని వెతుక్కుంటూ పోయి నిజంగానే మజ్జిగ పోశారు.

చివరిసారి గుంటూరు ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. నేను వెళ్లి నిలబడగానే పక్క మంచం వైపు కళ్లతో చూపించారు. "ఆ ఆక్సిజన్ సిలిండర్‌కి గొలుసు లేదు చూడరా. ఎవరన్నా కాలు తగిలిస్తే పడిద్ది." వార్డుబాయ్‌ని పిలిచి గొలుసు కట్టించేదాకా నన్ను కూర్చోనివ్వలేదు. కట్టాక, "ఇప్పుడు చెప్పు, అమ్మ ఎట్టుంది?" అన్నారు.

కోపం తగ్గించుకోమని ఇంట్లో, బయట, అందరూ నాకు చెప్పారు. చెప్పనిది ఆవిడొక్కరే. సిలిండర్ల దగ్గరున్న మెయిన్ వాల్వును దూరం నుంచి బటన్ నొక్కి మూసే ఏర్పాటు కావాలని ఆవిడ అడిగితే, వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ ముందటేడు కూడా అదే అన్నారంట. నేను క్యాంటీన్లో అందరి ముందూ అరిచాను. మనుషులు కాలిపోతే వచ్చే ఏడాది పాతిపెడతారా అన్నాను. మేడం టీ తాగుతూ అంతా విని, "అరవటం అయిందా? అయితే పార తీసుకునిరా" అన్నారు.

కొనకపోతే కొనకపోయారు, ఉన్నదాన్నే మార్చుకుందాం అని ఆవిడ ఉద్దేశం. వాల్వు సిలిండర్ల దగ్గరే ఉంది, కానీ దాన్ని తిప్పే చక్రానికి పొడవాటి కడ్డీ అతికించి, మధ్యలో మందపాటి కాంక్రీటు గోడ లేపి, చక్రాన్ని గోడకి ఇవతలికి తెచ్చాం. మంట అటుంటే మనిషి ఇటుంటాడు. ఎండలో తవ్వింది, అమర్చింది నేనూ మా వాళ్లూ. ప్రతి జాయింటుకీ సబ్బు నీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూసింది ఆవిడ. ఒక జాయింటు దగ్గర ఆగి, "ఇది కోపంగా బిగించావు. రబ్బరు నలిగిపోయింది. ఇప్పి మళ్లీ చెయ్యి" అన్నారు. ఎట్లా తెలిసిందో అడిగితే, "నీ మొహం చూస్తానే ఉన్నాగా. నీ కోపం ఉండనీ, లేకపోతే వీళ్లు నీ మాట వినరు. స్పానరు పట్టుకున్నప్పుడు మాత్రం దాన్ని గోడ మీద పెట్టు" అన్నారు.

ఆవిడ చేసిన పనుల్లో నేను ఎప్పటికీ మరిచిపోలేనిది ఇప్పుడు చెప్తాను. అందువల్లే ఇది రాయడానికి నేనున్నాను.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో బయటి కంపెనీ ఒకటి ప్లాను రాసిచ్చింది. అందమైన అట్ట. సైరన్ మోగుతుంది, అందరూ ఫలానా చోట గుమికూడతారు. దాని ప్రకారం మాకు డ్రిల్లు జరిగేది. వేపచెట్టు కింద నిలబడి ఫోటో దిగి, బిస్కెట్లు తిని వచ్చేవాళ్లం. మేడం ఒకరోజు ఆ ప్లాను మొత్తం చదివి మూసేసి, "ఇందులో మన ఊరోళ్లు లేరురా" అన్నారు.

నిజమే. మా వెనక గేటు దాటితే కాలవ, కాలవకి అవతల మిరప కల్లాలు. కోతల కాలమంతా అక్కడ ఆడవాళ్లు ఎర్రటి రాశుల మధ్య కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటారు. మా అమ్మ కూడా ఏరుతుంది. రాశికి నిప్పంటుకుంటే ఏడాది కష్టం బూడిద. అందుకని నీళ్ల బిందెలు, తడి గోతాలు ఎప్పుడూ పక్కనే ఉంటాయి. గడ్డివామి అంటుకుందంటే మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ పిలవరు. పొగ కనపడితే చాలు, చేతిలో పని వదిలేసి మంట మీదికి పోతారు. పక్క కులమా, పక్క పార్టీయా అని చూడరు. మా ఊళ్లో నాకు నచ్చే సంగతి ఏదన్నా ఉందంటే అదొక్కటే.

"అదేరా నా భయం" అన్నారు మేడం. "మంటను చూసి పారిపోయే ఊరైతే నాకు పనే లేదు. ఇది మంట మీదికి ఉరికే ఊరు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కల్లానికి పోయేవారు. వాళ్లతో పాటు తిని, వాళ్లతో పాటు తుమ్మి, కాసేపు కాయలు కూడా ఏరేవారు. మెల్లిగా అసలు సంగతి ఎత్తారు. మా గోడ లోపల మంట కనపడితే రావొద్దు. కాలవ గట్టు దాటొద్దు. నీళ్లు పొయ్యొద్దు. ఆర్పొద్దు.

కల్లంలో పెద్దామె ఒకావిడ ఉంది, నోరు జాస్తి. "ఏమే, మంట లేస్తంటే చూస్తా కూకోమంటావా? అదేమన్నా సినిమానా?"

"సినిమానే అత్తా. టిక్కెట్టు లేదు. దూరంగా కూకుని చూడు."

"ఇంటర్వెల్లు ఎప్పుడో?"

"గ్యాస్ వాల్వు కట్టేసినాక. కట్టకుండా మంట ఆర్పావనుకో, గ్యాస్ వస్తానే ఉంటది. కనపడదు, వాసన రాదు. మూలనెక్కడో చేరుద్ది. ఏ చిటుకో తగిలిందంటే ఒక్కసారే లేచిద్ది. మంట ఉన్నంతసేపు గ్యాస్ ఎక్కడుందో మనకి తెలుసు. ఆర్పితే తెలీదు."

అందరూ నవ్వడం మానేశారు. అప్పుడు మా అమ్మ అడిగింది. చేతిలో తాలుకాయ పట్టుకుని, తల ఎత్తకుండా, "లోపల మావోడుంటేనో? అప్పుడు గూడా చూస్తా నిలబడాల్నా?"

మేడం జవాబు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "నీ కొడుకు లోపలుంటే అప్పుడు అసలే ఆర్పొద్దు వదినా. గ్యాస్ కట్టేది వాడే. నువ్వు మంట ఆర్పితే, ఆ పోగయ్యే గ్యాస్ మధ్యలో ఉండేదీ వాడే."

అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి నాతో, "ఆ ఉద్యోగం మానేయరా" అంది. మానలేదు. మేడం కల్లానికి పోవడం కూడా మానలేదు. ఆ సీజనంతా పోయారు. సైరన్ మోగించి, వాళ్ల చేతే బిందెలు ఎత్తించి, కాలవ గట్టు దాకా నడిపించి, అక్కడ ఆపి నిలబెట్టారు. మేనేజరు ఆడవాళ్లతో ఈ తమాషా ఏందన్నాడు. ఆవిడ పట్టించుకోలేదు. బిందె తేవద్దని మాత్రం వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. "ఉత్త చేతుల్తో నిలబడమంటే నిలబడరురా. బిందె ఉంటే గట్టు మీద ఆగుతారు" అనేవారు.

ఇప్పుడు మా యార్డులో బటన్ నొక్కితే మూసుకునే వాల్వు ఉంది. మేనేజరు దాని పక్కన ఫోటో కూడా దిగాడు. అది రావడానికి ఒక మధ్యాహ్నం కావాల్సి వచ్చింది.

కల్లాలు నిండుగా ఉన్న రోజులు. సిలిండర్ల నుంచి వచ్చే పైపు జాయింటొకటి వదులైంది. బుసకొట్టినట్టు మోత వినపడింది, అంతే, దానంతట అదే అంటుకుంది. మేడం చెప్పినట్టే మంట కనపడలేదు. కనపడిందల్లా దాని పక్కన కాలుతున్న కేబుళ్లు, పాత టార్పాలిన్, నల్లటి పొగ. కనపడే మంట చిన్నది. కనపడనిది పెద్దది. చిన్నదాన్ని ఆర్పుదామని ఉరికితే నేరుగా పెద్దదాంట్లోకే పోతాం.

సైరన్ మోగింది. ఆ షిఫ్టులో ఫిట్టర్ని నేనే. చక్రం నాది. గోడ చాటుకి పరిగెత్తి పట్టుకున్నాను. గోడ అవతల హోరు, నా వెనక దూరంగా కాలవ వైపు నుంచి కేకలు. అన్ని కేకల్లోనూ ఒక గొంతు నాకు తెలుసు.

"నా కొడుకున్నాడే లోపల! వదులే నన్ను!"

చక్రం తిప్పుతూనే ఉన్నాను. అది ఒకటి రెండు తిప్పులతో మూసుకునేది కాదు. కంగారుగా తిప్పితే బిగుసుకుంటుందని తెలుసు. నాకు ఎవరి మీదా కోపం రాని క్షణాలు నా బతుకులో అవేనేమో. భయమొక్కటే. మంట భయం కాదు. అమ్మ వచ్చేస్తుందేమో, ఆమె వెనక కల్లమంతా కదిలి వచ్చేస్తుందేమో, ఎవరో ఒకరు తడి గోతాం విసిరేస్తారేమోనని భయం. అప్పుడు కాలవ గట్టు మీద నుంచి మేడం గొంతు వినపడింది. ఆవిడ మామూలుగా అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు, గొంతు పెద్దది చేసి నిదానంగా చెప్పారు. సైరన్ ఆగిన సందులో స్పష్టంగా వినపడింది.

"హోరు ఇనపడతందా వదినా? అది మంటే. అది ఇనపడతన్నంతసేపు గ్యాస్ ఎక్కడికీ పోలేదు. నీ కొడుకు దాన్ని కడతన్నాడు. కాస్త ఓర్చుకో. నేనున్నా."

చక్రం చివరికొచ్చి ఆగింది. హోరు సన్నగిల్లింది. పైపులో మిగిలిన గ్యాస్ కాలి అయిపోవాలి. అసలు గండం అదే. చిన్నదైంది గదా, ఒక్క బిందె పోస్తే పోద్దని ఎవరికైనా అనిపిస్తుంది. "సన్నబడిందని ఎవరూ కదలమాకండి" అంటున్నారు మేడం. ఎవరూ కదల్లేదు. మా వాళ్లు ఇద్దరు దూరం నుంచి గొట్టాలతో పక్క సిలిండర్లు వేడెక్కకుండా తడుపుతున్నారు. హోరు ఆగింది. నైట్రోజన్ పంపి పైపు ఖాళీ చేశాం. ఆ తర్వాత చీపురు చాపుకుంటూ మొదట లోపలికి వచ్చింది ఆవిడే. చీపురు అంటుకోలేదు.

మొన్న మేడం పోయారని చెప్పినప్పుడు మా అమ్మ ఏడవలేదు. కుడి చేతి మణికట్టు పట్టుకుని కూర్చుంది. "ఆ రోజు ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు పగిలి గుచ్చుకుంది. నేను తిట్టిన తిట్లకి ఇంకోళ్లయితే వదిలేసేవాళ్లు" అంది. మళ్లీ తనే, "వదల్లేదురా" అంది.

నాకు చేతనైంది పైపులు బిగించడం. ఆవిడకి రుణం తీర్చుకునే మాటలు నా దగ్గర లేవు. ఆ మధ్యాహ్నం వెనక గేటు తోసుకుని బయటికొచ్చినప్పుడు చూసిందే నా దగ్గరుంది, అదే మీకు చెప్పగలను.

కాలవ గట్టు పొడుగునా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా గట్టు దిగలేదు. చంకలో బిందెలు నిండుగా ఉన్నాయి. గోతాల నుంచి నీళ్లు కారి వాళ్ల కాళ్ల కింద మట్టి బురదైంది. అమ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసుకుంది. చీపురు గేటుకి ఆనించి మేడం మా వెనకే వచ్చి గట్టెక్కారు. అమ్మ ముందు వంగి, రెండు చేతులూ దోసిలి పట్టారు.

"వదినా, గొంతెండిపోయింది. కాసిని పొయ్యి."

అమ్మ బిందె వంచింది. మేడం దోసిట్లో నీళ్లు నిలవడం లేదు, మోచేతుల మీదుగా ఖాకీ చొక్కా లోపలికి కారిపోతున్నాయి. తాగుతున్నది కొంచెం, పోతున్నది ఎక్కువ. అమ్మ ఆపలేదు. పోస్తూనే ఉంది.